మాస్టారు పోయారు, చీటీలు మిగిలాయి

పోయిన సంచికలో విశాఖపట్నంలో కన్నుమూసిన ఒక త్యాగరాజ పరిశోధకుడి గురించి ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాం. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా త్యాగయ్య కీర్తనల వెంట పడి, రిటైరయ్యాక ఇక వేరే పనే పెట్టుకోని మనిషి. కుటుంబం వద్దంది కాబట్టి అప్పుడూ పేరు వేయలేదు, ఇప్పుడూ వేయం. దాని మీద ఎప్పుడూ లేనన్ని ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అందుకని అద్దె ఇంటి అడ్వాన్సు గొడవలు, కోడలి మీద ఫిర్యాదులు వచ్చే సంచికకి నెట్టేసి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను. ఉత్తరాలు కాస్త కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారి దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి. పిల్లలిద్దరూ అమెరికాలో ఉంటారు. నెలాఖరుకల్లా సీతమ్మధార ఫ్లాట్ ఖాళీ చేసేస్తామంటున్నారు. ఇల్లంతా పుస్తకాలు, క్యాసెట్లు, చెప్పుల అట్టపెట్టెల్లో కట్టలు కట్టలుగా చీటీలు. ఒక్కో కీర్తనకి ఒక్కో చీటీ. పైన కీర్తన మొదటి మాట, పక్కన రాగం, కింద నల్ల సిరాతో ఒక పాఠం, ఎర్ర సిరాతో ఇంకో పాఠం, అంచున పెన్సిలుతో ఏవో పొడి అక్షరాలు. హుద్‌హుద్ తుఫానులో కిటికీ పగిలి ఇవన్నీ తడిసిపోతే ఆయనా నేనూ దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేశాం. రాస్తాను రాస్తాను అన్న పుస్తకం మాత్రం రాయనే లేదు. పాత పేపర్లవాడికి వేసేస్తారేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మా ఇల్లు చూస్తే రెండు గదులు. ఏం చెయ్యమంటారు? – పెదవాల్తేరు పాఠకుడు

జవాబు: ముందు ఆ పిల్లలకి ఫోన్ చెయ్యండి. వాళ్లని విలన్లని చేసి మాట్లాడకండి. సెలవు పెట్టుకుని వచ్చారు, తండ్రి పోయాడు, ఫ్లాటుకి బేరం వచ్చింది, ఆ టెన్షన్‌లో చెప్పుల పెట్టె కనిపిస్తే ఎవరికైనా చెత్తలాగే కనిపిస్తుంది. "ఇది నాన్నగారి జీవితం" అంటే వాళ్లకి ఎక్కదు, ఆ మాట చిన్నప్పట్నుంచీ విని విసిగిపోయి ఉంటారు. "ఇది ఆయన చేసిన పని, దీనికో చోటు చూపిస్తాను, నాకో నెల టైమివ్వండి" అనండి. ఒప్పుకుంటారు. ఒప్పుకున్న మాట వాట్సాప్‌లో రాయించుకోండి.

ఆ నెలలో చెయ్యాల్సింది సర్దడం మాత్రం కాదు. దయచేసి ఏదీ సర్దకండి. ఏ పెట్టె ఏ అరలో ఉందో, ఏ చీటీ పక్కన ఏ చీటీ ఉందో ఉన్నది ఉన్నట్టు ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. అకారాది క్రమంలో పెడితే బాగుంటుందని మీ చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. ఆయన రెండు చీటీలు పక్కపక్కన పెట్టారంటే ఆ రెంటికీ ఏదో సంబంధం చూశారన్నమాట. పుస్తకం రాయలేదంటున్నారు కదా, ఆ వరసలోనే సగం పుస్తకం ఉంది.

ఇక ఆ పొడి అక్షరాలు. నేను చీటీలు చూడలేదు గానీ ఊహించగలను. త్యాగయ్య కీర్తనలు మనకి ప్రధానంగా మూడు శిష్యపరంపరల్లో వచ్చాయి: వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం. ఒకే కీర్తన ఒకరి దగ్గర ఒక రకంగా, ఇంకొకరి దగ్గర ఇంకో రకంగా ఉంటుంది. చరణాల వరస మారుతుంది, సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, మారతాయి, ఒక్కోసారి రాగమే మారిపోతుంది. అంచున "వా", "ఉ", "తి" అని ఉంటే అవి ఇవే అయ్యుంటాయి. ఎర్ర సిరా అంటే అనుమానమా, ఖాయమా? అది మీకు తెలుసు, లేదా మీతో పాటు ఆయన దగ్గర కూర్చున్న ఇంకొకరికి తెలుసు. మీరిద్దరూ ఉండగానే ఒక తెల్లకాగితం మీద ఈ గుర్తుల అర్థాలు రాసి ప్రతి పెట్టెలోనూ ఒక కాపీ పడెయ్యండి. మీరు చెయ్యగలిగిన వాటిలో అన్నిటికన్నా పెద్ద పని ఇదే, ఖర్చు పది రూపాయల జిరాక్సు.

ఉదాహరణకి "నగుమోము గనలేని" చీటీ తీసి చూడండి. దాని రాగం ఆభేరి. ఇవాళ దాదాపు ప్రతి కచేరీలోనూ ఆభేరి అంటే చతుశ్రుతి ధైవతంతో, అంటే కాస్త పై స్థాయి 'ధ'తో పాడతారు, మన చెవులకి అదే ఆభేరి. పాత లక్షణం ప్రకారం ఆభేరిలో ఉండేది శుద్ధ ధైవతం, అంటే కింది 'ధ'. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"లో కనిపించే ఆభేరికీ మనం వినే ఆభేరికీ పొత్తు కుదరదు. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ లాంటి మహా గాయకుడి గొంతులో ఈ కొత్త రూపం ఊరూరా పాకింది, పాతది వెనక్కి పోయింది. మాస్టారు ఆ చీటీ వెనక ఏం రాసుకున్నారో నాకు చూడాలని ఉంది, నిజంగా. ఫొటో పంపండి.

మన ఊళ్లో ఇంకో శత్రువు గాలి. సముద్రపు తేమ, ఉప్పు, దాని వెనకే బూజు. ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టకండి, లోపల చెమ్మ పట్టేస్తుంది. గోడకి ఆనించకుండా, నేలకి ఎత్తుగా, గాలి ఆడేలా పెట్టండి. హుద్‌హుద్‌లో తడిసిన చీటీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే బలవంతాన ఊడదీయకండి. క్యాసెట్ల రీలు మీద తెల్లగా బూజు కనిపిస్తే ఇంట్లో టేపురికార్డర్‌లో పెట్టి చూద్దామనుకోవద్దు, బూజు హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్లకీ ఎక్కుతుంది. అవి శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించేవాళ్లకి విడిగా ఇవ్వండి.

ఆ పెట్టెల్లో తాళపత్రాలో, పాత చేతిరాత పుస్తకాలో ఉంటే పిల్లలకి ఒక ముక్క చెప్పండి. 75 ఏళ్లు దాటిన, విలువ గల రాతప్రతి 1972 నాటి చట్టం కింద పురావస్తువు. జ్ఞాపకంగా ఉంటుందని సూట్‌కేసులో పెట్టుకుని అమెరికా పట్టుకుపోవడానికి వీల్లేదు. ఆయన సొంత చీటీలకి ఆ గొడవ లేదు గానీ వాటి మీద హక్కు వారసులది. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకి, అచ్చయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. కాబట్టి స్కాన్ చేసి పదిమందికీ పెట్టాలన్నా, ఎప్పుడో పుస్తకం వెయ్యాలన్నా ఇప్పుడే పిల్లలిద్దరి సంతకాలతో ఒక అనుమతి పత్రం తీసుకోండి. విమానం ఎక్కాక ఆ సంతకం కోసం ఎన్నేళ్లు తిరగాలో ఎవరూ చెప్పలేరు.

ఎవరికివ్వాలి? ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో అడగండి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడగండి, తిరుపతి ప్రాచ్య పరిశోధనా సంస్థకి ఉత్తరం రాయండి. ఎవరు తీసుకున్నా లిస్టు రాసి, ఆ లిస్టు మీద సంతకం, స్టాంపు వేయించుకుని ఇవ్వండి. ఒక పెద్దాయన పుస్తకాలు ఓ చోట దానమిస్తే, ఏడాది తర్వాత కూడా అవి మెట్ల కింద గోనెసంచుల్లోనే ఉండడం నేను కళ్లారా చూశాను. ఏ చోటో చెప్పను.

రాయని పుస్తకం సంగతి: ఆయన పేరు మీద మీరు రాసెయ్యకండి. చీటీలు చీటీలుగానే బయటికి రానివ్వండి.

ప్రశ్న: ఆయన పాడేవారు కాదట, కచేరీలు లేవు, రికార్డులు లేవు. ఫోన్ తెరిస్తే త్యాగరాజ కీర్తన ఏది కావాలన్నా దొరుకుతోంది. తిడతారేమో గానీ అడుగుతున్నాను, ఇలాంటివాళ్లు పోతే సంగీతానికి నిజంగా వచ్చిన నష్టమేంటి? – ఏయూ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: తిట్టను బాబూ, మంచి ప్రశ్న. ఆ ఫోన్‌లోకి కీర్తన ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

చిన్నస్వామి మొదలియార్ అని మద్రాసు సచివాలయంలో ఉద్యోగి ఒకాయన ఉండేవారు. క్రైస్తవుడు. రాముడి మీద భక్తితో ఈ పనిలోకి దిగినవాడు కాదు, సంగీతం మీద పిచ్చితో దిగాడు. త్యాగయ్య శిష్యపరంపరలోని వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్‌ని కూర్చోబెట్టుకుని, ఆయన పాడుతుంటే పాశ్చాత్య స్వరలిపిలో రాసుకుని, 1892 నుంచి విడివిడి భాగాలుగా అచ్చు వేయించాడు. ఆస్తి హారతి కర్పూరమైంది, చూపు మందగించింది. అంతటితో ఊరుకోలేదు. ఎట్టయపురంలో, త్యాగయ్య కాలంనాటి మరో వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల వంశీకుడు సుబ్బరామ దీక్షితులు ఉన్నారు, ఆయన దగ్గర కృతుల నిధి ఉంది, ఇంటి సొత్తు కాబట్టి బయటపెట్టడానికి మనసొప్పడం లేదు. మొదలియారే ఆ సంస్థానం ప్రభువు చెవిన వేసి, ఒప్పించి, ఆ పని మొదలుపెట్టించాడు. అలా వచ్చిందే ఇందాక చెప్పిన 1904 నాటి పుస్తకం. తమిళదేశం నడిబొడ్డున తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకం అది, చూడకపోతే ఒక్కసారైనా చూడు. మొదలియార్ కచేరీ చేశాడని ఎవరూ చెప్పలేదు. ఆయన లేకపోతే ఇవాళ పాడే దీక్షితుల కృతుల్లో ఎన్ని ఉండేవో నువ్వే ఆలోచించుకో.

మనకి దగ్గర ఉదాహరణ కావాలంటే గాయకుడు నేదునూరి కృష్ణమూర్తిగారు. 2014లో మన విశాఖలోనే పోయారు. అన్నమయ్య "నానాటి బతుకు నాటకము" ఆయన కట్టిన రేవతి రాగం వరసలోనే ఇవాళ అందరి నోటా ఉంది. ఆ వరస కట్టడానికి ముందు ఎవరో ఒకరు ఆ మాటలు చదవాలి కదా. తిరుమల గుళ్లో రాగిరేకుల మీద చెక్కి ఉన్న తాళ్లపాకవారి, అంటే అన్నమయ్య, ఆయన ఇంటివాళ్ల సంకీర్తనల్ని చదివి, పరిష్కరించి, అచ్చుకి ఎక్కించినవాళ్లలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ముఖ్యులు. 1950లో ఆయన పోయాక ఆ భారం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఎత్తుకున్నారు. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. రేకు చదివినవాడికీ వరస కట్టినవాడికీ మధ్య తేడా ఏంటంటే రెండోవాడికి చప్పట్లు వినిపిస్తాయి. రాళ్లపల్లివారు రెండు పనులూ చేశారనుకో, అది వేరే సంగతి.

ఇక నష్టం అంటావా, మాస్టారు పోయిన రోజు ఏ కచేరీ ఆగలేదు, ఆగదు. ఒక పెళ్లి కచేరీలో ఎవరో ఒక చరణం తప్పు పాడతారు, వినేవాళ్లకి అది తప్పని తెలియదు, అది రికార్డవుతుంది, రేపు దాన్ని విని ఇంకొకరు నేర్చుకుంటారు. ఆ తప్పు పట్టుకుని, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పే మనిషి ఊళ్లో ఒకరు తగ్గారు.

ప్రశ్న: మీ రాత చదివి నాకు ఒళ్లు మండింది. మా నాన్నగారిదీ ఇదే కథ, కాకపోతే ఆయనది క్షేత్రయ్య పిచ్చి. జీతంలో సగం పుస్తకాలకీ ప్రయాణాలకీ పోయేది, అమ్మ గాజులు రెండుసార్లు తాకట్టుకి వెళ్లాయి. నా పెళ్లిచూపుల నాడు ఎవరి ఇంట్లోనో పదాల పుస్తకం ఉందని తెలిసి మద్రాసు రైలెక్కేశారు. పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లంతా తపస్వి, రుషి అంటుంటే నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. ఇప్పటిదాకా కన్నీళ్లు రాలేదు. నాదేమైనా తప్పా? – గాజువాక నుంచి ఒక కూతురు

జవాబు: తప్పేమీ లేదమ్మా. ఆయన తపస్సు చేశారు, దానికి కట్టెలు మోసింది మీ అమ్మగారు. సభలో ఆ రెండో వాక్యం ఎవరూ అనరు, మీ కోపం దాని మీద. ఇందాక చిన్నస్వామి మొదలియార్ గురించి అంత గొప్పగా రాశాను కదా, ఆస్తి కరిగిపోతుంటే ఆయన ఇంట్లోవాళ్లు ఏమన్నారో నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదు. మా రాతగాళ్లకి ఆ సంగతి తోచదు.

ఒక మాట అంటాను, కష్టం పెట్టుకోకండి. క్షేత్రయ్య పదాలు ఎక్కువ భాగం ఎవరి గొంతులో ఉంటాయి? రాత్రి గడిచిపోతున్నా ఇంటికి రాని మువ్వగోపాలుడి కోసం గుమ్మంలో ఎదురుచూసే ఆడమనిషి గొంతులో. ఆ మాటల్లో ఏ అక్షరం ఎక్కడుండాలో అంత శ్రద్ధగా వెతికిన మనిషి, తన గుమ్మంలో ఎవరు నిలబడి ఉన్నారో చూసుకోలేదంటే ఏమనాలి. మీ నాన్నగారిని తిట్టడానికి అనడం లేదు. ఇలాంటి పండితుల ఇళ్లు కొన్ని నాకు తెలుసు, అన్నిట్లోనూ ఇంచుమించు ఇదే.

అలాగని ఆయన చేసిన పని చిన్నదైపోదు. నాలుగు వేల పైచిలుకు పదాలు కట్టినట్టు ఒక పదంలో లెక్క ఉంది, మనకి దక్కినవి వందల్లోనే. ఆ దక్కినవి కూడా దేవదాసీల నోటా, నాట్యగత్తెల ఇళ్లలోనూ, కొందరు పండితుల పుస్తకాల్లోనూ తలదాచుకుని బయటపడ్డవే. అలాంటి ఒక పదం కోసం రైలెక్కడం అర్థంలేని పని కాదు. పెళ్లిచూపుల నాడు ఎక్కడం మాత్రం దుర్మార్గమే. రెండూ నిజమే, ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన రెండోది మర్చిపోవాలని రూలేం లేదు.

కన్నీళ్ల గురించి బెంగ పెట్టుకోకండి, ఒక్కోసారి అసలు రావు. ఈసారి ఎవరైనా సభ అంటే మాత్రం, మైకు మీరు అడగండి. గాజుల సంగతి చెప్పండి. అమ్మగారు ఉంటే ముందు వరసలో కూర్చోబెట్టండి, ఆవిడకే శాలువా కప్పమనండి.

ప్రశ్న: పాశ్చాత్య సంగీతంలో కూడా ఇలా ఒకే వాగ్గేయకారుణ్ణి పట్టుకుని జీవితం గడిపినవాళ్లున్నారా? – ఎంవీపీ కాలనీ

జవాబు: బోలెడుమంది. మోట్సార్ట్ రచనల పక్కన "కె" అని ఒక నంబరు ఉంటుంది, అది కోషెల్ అనే ఆయన పేరు. చదివింది న్యాయశాస్త్రం, సరదాకి మొక్కల శాస్త్రం, మొత్తం మీద వృత్తి సంగీతకారుడు కాదు. మోట్సార్ట్ రాసినవన్నీ తేదీల వరసలో పెట్టి 1862లో జాబితా అచ్చు వేశాడు. చివరి నంబరు 626, మోట్సార్ట్ పూర్తి చెయ్యకుండానే పోయిన రెక్వియమ్, అంటే పోయినవారి శాంతి కోసం చేసే ప్రార్థనా సంగీతం. 1877లో కోషెల్ పోయినప్పుడు ఆయన అంత్యక్రియల్లో ఆ రెక్వియమే వాయించారు. మోట్సార్ట్ కాలపు మరో స్వరకర్త హైడన్ కోసం బతికిన అమెరికన్ పండితుడు రాబిన్స్ లాండన్ 2009లో పోయారు. హైడన్ మీద అయిదు సంపుటాల పుస్తకం ఆయనది. అంతటివాడూ 1993లో కొన్ని నకిలీ సొనాటాలు, అంటే పియానో మీద వాయించే రచనలు, చూసి హైడన్‌వేనని నమ్మేశాడు, తర్వాత నాలుక కరుచుకోవాల్సి వచ్చింది. మన త్యాగయ్య పేరు మీద చెలామణీ అయ్యే కీర్తనల్లోనూ అనుమానపు సరుకు ఉంది, కాబట్టి నవ్వకండి.

ప్రశ్న: మాస్టారి సంస్మరణ సభ కళాభారతిలో పెడదామని కొందరం అనుకుంటున్నాం. ఎలా చేస్తే బాగుంటుంది? ముఖారి లాంటి విషాద రాగాల్లో కీర్తనలు పాడించాలని ఉంది. – దాబాగార్డెన్స్ మిత్రబృందం

జవాబు: వేదిక మీద ఇద్దరికి మించి కూర్చోబెట్టకండి. "ఆయనతో నాకున్న అనుబంధం" అని మొదలుపెట్టి తన అవార్డుల జాబితా చదివే పెద్దమనిషి మన ఊళ్లో ఒకరున్నారు, ఎవరో మీకూ తెలుసు. బయట హాల్లో ఒక బల్ల వేసి, గాజు పలక కింద ఆ చీటీల్లో కొన్ని పెట్టండి. జనం వాటి దగ్గర ఆగుతారు, ప్రసంగాల దగ్గర ఆగరు.

ముఖారి అంటే ఏడుపు అని ఎవరు చెప్పారండీ? "ఎంతనినే వర్ణింతును శబరీ భాగ్యము" ముఖారే. శబరి అదృష్టాన్ని చూసి త్యాగయ్య పొంగిపోయి పాడిన కీర్తన అది. అదే పాడించండి, మాస్టారు ఉంటే ఎగిరి గంతేసేవారు. ఇంకోటి, సహానలో "గిరిపై నెలకొన్న". పది పూటల మీద కాపాడతానని రాముడు మాటిచ్చినట్టు అందులో ఉంటుంది, త్యాగయ్య తన నిర్యాణం ముందు పాడాడని సంప్రదాయంలో చెప్పుకుంటారు. ఆ చరణం ఎవరూ మింగెయ్యకుండా పూర్తిగా పాడమని గాయకులకి ముందే చెప్పండి. పల్లవి, అనుపల్లవి పాడేసి స్వరాల్లోకి దూకేవాళ్లంటే ఆయనకి పడేది కాదని ఈ ఉత్తరాల్లోనే ముగ్గురు రాశారు.

ప్రశ్న: నాకు తెలుగు బాగా వచ్చు, సంగీతం కాస్త వచ్చు. ఆయన పని ఎవరో ఒకరు కొనసాగించాలి కదా అనిపించింది. కానీ త్యాగయ్య మీద ఇంకా మిగిలిందేముంది? ఎక్కడ మొదలుపెట్టను? – కంచరపాలెం నుంచి ఒక టీచర్

జవాబు: మిగిలింది బోలెడు. సుమారు ఏడు వందల కీర్తనలు దొరుకుతున్నాయంటారు, ఏది ఏ వయసులో రాశారో కొన్నిటికి మించి తెలియదు. కొనసాగించడం, వారసత్వం లాంటి పెద్ద మాటలు ఇప్పట్నుంచే నెత్తిన పెట్టుకోకండి టీచరమ్మా, మొదటి నెలలోనే నీరసం వచ్చేస్తుంది. మీకు ఇష్టమైన కీర్తన ఒక్కటి తీసుకోండి. దాని పాఠం వేరువేరు ప్రచురణల్లోంచి మూడు సంపాదించండి, ఒక తెలుగు పుస్తకం, ఒక తమిళ పుస్తకం, స్వరంతో ఉన్నది ఒకటి. తమిళ లిపిలో క, గ తేడా ఉండదు, త, ద తేడా ఉండదు, కాబట్టి అక్కడ పడ్డ తప్పులు మీ తెలుగు చెవికి ఇట్టే దొరుకుతాయి. మూడూ పక్కపక్కన రాసి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ గీత పెట్టండి. ఆ తర్వాత పెదవాల్తేరు పాఠకుడికి ఒక కార్డు రాయండి. చిరునామా ఆయన ఒప్పుకుంటే పంపిస్తాను. చీటీలు ఫొటోలు తీయడానికి ఆయనకి ఇంకో జత చేతులు కావాలి, నెలాఖరు దగ్గర పడుతోంది.